‘వస్తాను’ అంటే ‘వెళ్తాను’ అని పిల్లలకెలా తెలుస్తుంది?

కోనసీమలో ఏ ఊళ్ళోనైనా కనబడే దృశ్యమే ఇది. చుట్టపుచూపుగా వచ్చిన పెద్దాయన అరుగు మీద కూర్చుని బొండాం తాగి, కండువా దులిపి భుజాన వేసుకుని ‘మరి వస్తానండి’ అని లేస్తాడు. ఇంటాయన ‘ఆయ్, మంచిదండి’ అంటూ వీధి గుమ్మం దాకా వెళ్తాడు. మూడేళ్ళ మనవరాలు మాత్రం ‘తాతా, వచ్చేశావుగా! మళ్ళీ వస్తానంటావేంటి?’ అని నిలదీస్తుంది. అందరూ గొల్లున నవ్వుతారు.

ఆ పిల్ల మాటలో వ్యాకరణం తప్పు ఒక్కటీ లేదు. ‘వచ్చేశావు’ జరిగిపోయినదానికి, ‘వస్తాను’ జరగబోయేదానికి అని ఆమెకు తెలుసు. తెలియనిదల్లా ఒకటే: గడప దాటుతూ ‘వెళ్తాను’ అనకూడదని ఇక్కడి మర్యాద. పక్కనే ఉన్న ఏడేళ్ళ అన్నకు అది తెలుసు. వాణ్ణి కూర్చోబెట్టి ఎవరూ పాఠం చెప్పలేదు. ఈ మూడేళ్ళకూ ఏడేళ్ళకూ మధ్య ఏం జరిగింది? అసలు ఆ మూడేళ్ళ పిల్ల అంతవరకైనా ఎలా వచ్చింది?

ఇప్పుడీ ప్రశ్న ఇళ్ళలో తరచూ వినబడుతోంది. ‘రెండేళ్ళొచ్చినా మాటలు రావట్లేదు, ఫోన్ వల్లేనా?’, ‘ఇంట్లో తెలుగు, బళ్ళో ఇంగ్లీషు అయితే బుర్ర గందరగోళం అవదా?’ అని అడిగే తల్లిదండ్రులకు ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతున్నారు. జవాబుల జోలికి వెళ్ళేముందు మూడు విషయాలు విడదీసి చూడాలి. చెవికి చేరే ధ్వని ఒకటి. ఆ ధ్వనికి లోకంలో ఉన్న అర్థం రెండోది. ఆ మాట అన్న మనిషి మనసులో ఉన్న ఉద్దేశం మూడోది. పిల్లలు ఈ మూడింటినీ నేర్చుకోవాలి, మూడింటికీ దారులు వేరు.

ముందు చెవి తయారవుతుంది

కడుపులో బిడ్డకు ఆరో నెల దాటాక చెవి పనిచేయడం మొదలవుతుంది. మాటలు స్పష్టంగా చేరవు. నీళ్ళలో మునిగినప్పుడు గట్టు మీది మాటలు వినబడ్డట్టు ఊపు, రాగం చేరతాయి. పుట్టాక అవి గుర్తుంటాయా? 1980లో అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ అనే పరిశోధకులు, పుట్టి మూడు రోజులు కాని పిల్లల నోట్లో పాలపీక పెట్టి, ఒక తీరున చప్పరిస్తే తల్లి గొంతు, మరో తీరున చప్పరిస్తే వేరొకామె గొంతు వినబడేట్టు అమర్చారు. పిల్లలు తల్లి గొంతు తెప్పించే తీరునే ఎక్కువగా ఎంచుకున్నారు.

తెలుగువాళ్ళకు ఇంకా దగ్గరి ప్రయోగం 1984లో కెనడాలో జరిగింది. నాలుక కొన పళ్ళకు తగిలితే ‘త’, వెనక్కి మడిచి అంగిలికి తగిలిస్తే ‘ట’. మనకు ‘పాత’ వేరు, ‘పాట’ వేరు. ఇంగ్లీషులో ఈ తేడా వల్ల ఏ మాటా మారదు. జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ హిందీలోని ఈ రెండు ధ్వనులనూ ఇంగ్లీషు ఇళ్ళలో పెరుగుతున్న పసివాళ్ళకు వినిపించారు. 6–8 నెలల పిల్లల్లో చాలామంది తేడా పట్టేశారు. 10–12 నెలల పిల్లల్లో దాదాపు ఎవరూ పట్టలేకపోయారు. హిందీ ఇళ్ళలో పెరిగే అదే వయసు పిల్లలకు మాత్రం ఆ తేడా చెక్కుచెదరలేదు. అంటే మొదటి ఏడాదిలో చెవి నేర్చుకునేదాంట్లో సగం వదిలెయ్యడమే. చుట్టూ ఉన్న భాషకు పనికిరాని తేడాలను పక్కకు నెట్టేసి, పనికొచ్చేవాటికి పదును పెట్టుకుంటుంది.

చెవి పట్టింది కదా అని నోరు వెంటనే పలకదు. రెండున్నరేళ్ళ పిల్లాడు ‘బండి’ని ‘బంది’ అంటాడు. తండ్రి ముద్దుగా ‘బందా నాన్నా?’ అంటే వాడికి కోపమొస్తుంది: ‘బంది కాదు, బంది!’ తను అనాలనుకున్నదేమిటో వాడికి స్పష్టంగా తెలుసు, నాలుక తిరగడం లేదంతే. ఇలాంటి పిల్లలతో ‘ఇంకోసారి అను, ఇంకోసారి అను’ అని పట్టుబట్టడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు, వాడికి తెలియనిదేదో చెబుతున్నట్టు ఉంటుంది కాబట్టి.

ఇక మొదటి మాట ‘అత్త’ అందా, ‘తాత’ అందా అని ఇంటింటా జరిగే పోటీ సంగతి. పెదవులు కలిపితే మ, బ, ప. నాలుక పళ్ళకు ఆనితే త, న. ఏడెనిమిది నెలల పిల్లలకు తేలిగ్గా వచ్చే ధ్వనులు ఇవే. రోమన్ యాకబ్సన్ అనే భాషావేత్త చెప్పినట్టు, చాలా భాషల్లో దగ్గరి చుట్టాల పిలుపులు ఈ ధ్వనులతోనే ఉండటం ఊరికే కాదు. పిల్లది ‘తాతాతా’ అని ఊరికే ఆడుకుంటోంది. దాన్ని తన పేరుగా తీసుకుని మురిసింది తాతగారు. అయితే ఆ మురిపెమే పనిచేస్తుంది. తాత ముఖం వెలిగింది, ఎత్తుకున్నాడు. ఆ శబ్దానికీ ఆ ముఖానికీ ముడి పడటం అక్కడే మొదలు.

‘బువ్వతిందువుగానిరా’లో బువ్వ ఎక్కడుంది?

రాతలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటుంది. నోటి మాటలో ఉండదు. ‘బువ్వతిందువుగానిరా’ అని అమ్మ ఒక్క ఊపులో అనేస్తుంది. తెలియని భాష సినిమా చూస్తే మనకెలా ఉంటుందో పసిబిడ్డకు అలా ఉంటుంది. ఎక్కడ తెంపాలి?

1996లో సాఫ్రాన్, ఆస్లిన్, న్యూపోర్ట్ అనే ముగ్గురు, అర్థంలేని నాలుగు మూడక్షరాల మాటలు కల్పించి, వాటిని ఆపకుండా, గొంతు హెచ్చుతగ్గులు లేకుండా, 8 నెలల పిల్లలకు 2 నిమిషాలు వినిపించారు. మాట లోపల మొదటి అక్షరం తర్వాత రెండోది తప్పకుండా వస్తుంది. మాట చివరి అక్షరం తర్వాత మాత్రం మిగతా మూడు మాటల్లో ఏదైనా రావచ్చు. పిల్లలు ఆ ఒక్క ఆధారంతోనే మాటల అంచులు పసిగట్టారు.

దీన్ని మన ఇంట్లో పెట్టి చూద్దాం. ఒక పూటలో పిల్లకు వినబడేవి: ‘ఇదిగో బువ్వ’, ‘బువ్వ తిందాం’, ‘చందమామ బువ్వ’, ‘బువ్వ చాలా?’ వీటిలో ‘బు’ వెనక ప్రతిసారీ ‘వ్వ’ ఉంది. ‘వ్వ’ వెనక మాత్రం ఒకసారి ‘తి’, ఒకసారి ‘చా’, రెండుసార్లు ఏమీ లేదు. కాబట్టి ‘బు’, ‘వ్వ’ ఒక జట్టు. చిక్కంతా సంధితో వస్తుంది. ‘బువ్వేదీ?’ అన్నప్పుడు చివరి అచ్చు ఎగిరిపోయింది. లెక్క ఒక్కటే సరిపోదు, ఇంకేవో ఆసరాలు కావాలి.

ఆ ఆసరాలు ఇచ్చేది పిల్లల భాష. లాల, జోజో, బబ్బో, జేజి, అప్పచ్చి, చిచ్చీ. చిన్నవి, ఒకే అక్షరం మళ్ళీ వచ్చేవి, ఒత్తుతో గట్టిగా తగిలేవి. వీటిని వాక్యం మధ్యలో కాకుండా విడిగా, సాగదీసి, గొంతు పెంచి అంటారు: ‘జేజీ! జేజికి దణ్ణం పెట్టు!’ ఇలాంటి మాటలు అనేక భాషల్లో ఉన్నాయని 1964లో చార్లెస్ ఫెర్గూసన్ ఆరు భాషలు పోల్చి చూపించాడు, అందులో మరాఠీ ఒకటి. ‘బువ్వ అనొద్దు, మొదటి నుంచీ అన్నం అనే నేర్పండి’ అనేవాళ్ళున్నారు. భయపడాల్సింది లేదు. నాలుగేళ్ళు నిండిన పిల్లలు బువ్వను తమంతట తామే తమ్ముళ్ళకు వదిలేస్తారు.

మాట పలకడానికి ఎంతో ముందే అర్థం కావడం మొదలవుతుంది. బెర్గెల్సన్, స్వింగ్లీ 2012లో చూపించిందేమిటంటే, 6–9 నెలల పిల్లలకు రెండు బొమ్మలు పెట్టి ఒకదాని పేరు తల్లి చేత అనిపిస్తే, తినేవాటిలోనూ ఒంటి భాగాల్లోనూ సరైన బొమ్మ వైపు చూపు ఎక్కువగా నిలిచింది. ‘వాడికేం తెలుసులే’ అని ఆర్నెల్ల పిల్లాడి ముందు అనుకునే మాటల విషయంలో కాస్త జాగ్రత్త పడటం మంచిదేమో.

వేలు చూపిస్తే సరిపోతుందా: బొండాం లెక్క

తాత బొండాం కొట్టి, దాన్ని చూపిస్తూ ‘బొండాం’ అన్నాడు. పిల్లకు అర్థమైపోయిందనుకుంటాం. ఒక్కసారి ఆ పిల్ల వైపు నుంచి చూడండి. ‘బొండాం’ అంటే ఆ ఆకుపచ్చ రంగా? గుండ్రటి ఆకారమా? లోపలి నీళ్ళా? కత్తితో కొట్టడమా? చెట్టు మీంచి దింపినవన్నీనా? 1960లో క్వైన్ అనే తత్వవేత్త ఈ చిక్కునే కుందేలు ఉదాహరణతో చెప్పాడు: భాష తెలియనివాడికి ఎంత చూపించినా, మాటకు సరిపడే అర్థాలు ఎప్పుడూ ఒకటికి మించే ఉంటాయి.

పిల్లలు ఈ ముడి విప్పడానికి కొన్ని పద్ధతులున్నాయి. కొత్త మాట వినబడితే అది వస్తువు మొత్తానికి పేరనుకుంటారు, రంగుకో ముక్కకో కాదు. పేరు తెలిసిన వస్తువు, తెలియని వస్తువు పక్కపక్కన ఉండి కొత్త మాట వినబడితే, అది తెలియనిదాని పేరే అనుకుంటారు. 1988లో మార్క్‌మన్, వాక్టెల్ మూడేళ్ళ పిల్లల్లో దీన్ని చూశారు. పళ్ళెంలో అరటిపండు, పనసతొన ఉన్నాయనుకోండి. ‘పనసతొన ఇవ్వు’ అంటే, ఆ మాట ఎన్నడూ వినని పిల్ల కూడా అరటిపండు వదిలేసి రెండోది అందిస్తుంది.

అన్నిటికన్నా పెద్ద ఆసరా కళ్ళు. పిల్ల తన చేతిలోని గరిటె చూస్తున్నప్పుడు తాత వేరే వైపు చూస్తూ ‘బొండాం’ అంటే, ఏడాదిన్నర పిల్ల తన గరిటెకు ఆ పేరు అంటించదు. తల ఎత్తి తాత ఎటు చూస్తున్నాడో చూస్తుంది. 1990ల తొలినాళ్ళలో డేర్ బాల్డ్‌విన్ చేసిన పరిశోధన తేల్చింది ఇదే. పేరు వస్తువుకు అంటుకునేది మనిషి చూపు మీదుగా. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఫోన్ తగవు సగం తేలుతుంది.

అంతటితో అయిపోదు. పిల్ల గుళ్ళో కొట్టిన కొబ్బరికాయను చూసి ‘బొండాం’ అంటుంది. ‘కాదమ్మా, అది కాయ.’ తర్వాత మామ్మ అటక మీంచి దింపి చెవి దగ్గర ఊపితే లోపల గుండు గడగడలాడేదాన్ని ‘కాయ’ అంటుంది. ‘అది కురిడీ.’ చూడటానికి మూడూ ఒకే చెట్టువి. తేడా ఎక్కడుందంటే వయసులో, వాడకంలో. ఆరేడు నెలలకు నీళ్ళ కోసం దింపితే బొండాం, ఏడాదికి ముదిరితే కాయ, దాన్నే నెలల తరబడి నిలవ ఉంచి నీరింకి, లోపలి కొబ్బరి చిప్పను వదిలేస్తే కురిడీ. అంబాజీపేట వైపు పెరిగే అయిదేళ్ళ పిల్లకు ఈ మూడూ, పైన మట్ట, ఈనె, పీచు, చిప్ప కూడా తెలిసే ఉంటాయి. హైదరాబాదులో పెరిగే మేనత్త కూతురికి అన్నీ కోకోనటే. ఆ పిల్ల తెలివి తక్కువదని కాదు, ఆ తేడా చేసి చూపించేవాళ్ళు ఆమె చుట్టూ లేరు, ఆ తేడాతో ఆమెకు పనీ లేదు.

మాట అర్థం ఒక్క వినికిడితో పూర్తవదు. 1978లో కేరీ, బార్ట్‌లెట్ మూడు నాలుగేళ్ళ పిల్లలతో ‘ఆ నీలం పళ్ళెం కాదు, ఆ క్రోమియం పళ్ళెం తీసుకురా’ అన్నారు. క్రోమియం అని వాళ్ళు పేరు పెట్టింది ఒక ముదురు పచ్చ రంగుకు. పిల్లలు పళ్ళెం తెచ్చేశారు. అది ఏదో రంగు పేరని వారం తర్వాత కూడా చాలామందికి లీలగా గుర్తుంది, ఏ రంగో మాత్రం కచ్చితంగా తెలీదు. మొదట ఒక అర పెట్టుకుంటారు, నింపడం తర్వాత.

‘పండులు’ అన్న పిల్ల ఏం నేర్చుకున్నట్టు?

రెండున్నర, మూడేళ్ళ మధ్య ‘పండులు’, ‘ఇల్లులు’, ‘కాలులు’ లాంటి మాటలు వినబడతాయి. ఇవి ఎవరి దగ్గర విన్నది? ఎవరి దగ్గరా కాదు. పెద్దవాళ్ళు ‘పళ్ళు, ఇళ్ళు, కాళ్ళు’ అనే అంటారు. ‘లు’ చేరిస్తే ఎక్కువైనట్టని పిల్ల సొంతంగా సూత్రం కట్టుకుంది, దాన్ని అన్నిటికీ అంటించింది. అంతకుముందు ఆరు నెలల క్రితం ఆమే ‘పళ్ళు’ అని సరిగ్గా అని ఉండవచ్చు, అప్పుడది చిలకపలుకు. ఇప్పుడు తప్పంటోంది అంటే ఒక మెట్టు పైకెక్కింది.

నమ్మకం కుదరకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. 1958లో జీన్ బెర్కో ఇంగ్లీషులో చేసినదానికి ఇది తెలుగు రూపం. ఒక వింత బొమ్మ గీసి, ‘ఇది బిప్పం’ అనండి. పక్కన ఇంకోటి గీసి, ‘ఇప్పుడు రెండున్నాయి. రెండు...?’ అని ఆగండి. ఆ మాట లోకంలో లేదు, పిల్ల విని ఉండే అవకాశం లేదు. ‘బిప్పాలు’ అందంటే మంచం–మంచాలు, పుస్తకం–పుస్తకాలు వెనకున్న సూత్రం ఆమె లోపల ఉంది. ‘బిప్పంలు’ అంటే సూత్రంలో సగం ఉంది. ఏమీ అనకుండా బొమ్మకు రంగు వేయడం మొదలుపెడితే, ఇవాళ్టికి వదిలేయండి.

‘నిన్న’, ‘రేపు’ తారుమారవడం, ‘నీకు కావాలా?’ అంటే ‘నీకు కావాలి!’ అనడం కూడా ఈ వయసువే. ‘నువ్వు’, ‘నేను’ మనిషి పేర్లు కావు, మాట్లాడేవాడు మారితే చేతులు మారతాయి. కుర్చీకి అలాంటి బాధ లేదు.

తెలుగులో దీనికి మించిన ముడి ‘మనం’, ‘మేం’. ఇంగ్లీషుకు, హిందీకి లేని తేడా ఇది. నాలుగేళ్ళ పిల్లాడు పక్కింటి స్నేహితుడితో ‘రేపు మనం అంతర్వేది తీర్థానికి వెళ్తాం’ అంటాడు. వాడు ఇంటికి పరుగెత్తి కొత్త చొక్కా తీయమంటాడు. ఇద్దరు తల్లులకూ ఇబ్బంది. పిల్లాడు అబద్ధమాడలేదు, పిలవనూ లేదు. వినేవాణ్ణి కలుపుకోవాలా, పక్కన పెట్టాలా అని ప్రతిసారీ లెక్క చూసుకోవాలని వాడికింకా పట్టుబడలేదు. ఎదుటివాడి స్థానంలో నిలబడి చూడటం వ్యాకరణంలోకే ఎక్కిన చోటు ఇది.

అన్నది ఒకటి, అనుకోవాల్సింది ఇంకొకటి

ఇక్కడికొచ్చాం కాబట్టి మళ్ళీ ‘వస్తానండి’ దగ్గరికి. ‘బియ్యం నిండుకున్నాయి’ అంటే డబ్బా ఖాళీ అని. ‘దీపం కొండెక్కింది’ అంటే ఆరిపోయిందని. బయల్దేరిన మనిషిని ‘ఎక్కడికి?’ అని అడగకుండా ‘ఎందాకా?’ అంటారు. ఇవన్నీ అశుభం పలకకుండా తప్పుకునే దారులు. వీటిని పిల్లలు మాటకు మాటగా, కట్టగట్టి నేర్చుకుంటారు. నిండుకున్న డబ్బాలోకి తొంగి చూసి, అడుగు కనబడగానే తెల్లబోయే వయసొకటి ఉంటుంది.

దీనికన్నా కష్టమైనది, ఏ కట్టుబాటూ లేకుండా సందర్భాన్ని బట్టి మారే అర్థం. 1975లో పాల్ గ్రైస్ అనే తత్వవేత్త దీనికి ఒక వివరణ ఇచ్చాడు. మాట్లాడుకునేవాళ్ళిద్దరూ ఒకరికొకరు సహకరించుకుంటున్నారని మనం నమ్ముతాం. అన్న మాట సందర్భానికి సూటిగా అతకకపోతే, ‘ఇలా ఎందుకన్నట్టు?’ అని వెతుకుతాం, దొరికినదాన్ని అర్థంగా తీసుకుంటాం.

భోజనాల దగ్గర చూస్తే ఇది కళ్ళకు కడుతుంది. చుట్టానికి ఇంటావిడ మళ్ళీ వడ్డించబోతుంది. ‘అబ్బే, చాలండి.’ వడ్డిస్తుంది. ‘అయ్యో, చాలండి బాబూ.’ ఇంకాస్త వేస్తుంది. మూడోసారి ఆయన మాటలేమీ మార్చడు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాడు. అప్పుడు ఆగుతుంది. మొదటి రెండు ‘చాలు’లు మర్యాద, మూడోది కడుపు నిండిన మాట. తేడా మాటలో లేదు, చేతిలో ఉంది. పక్కన కూర్చున్న పిల్ల ఇదంతా చూస్తోంది. తను ‘చాలు’ అంటే అన్నం వదిలేస్తున్నావని కోప్పడే అమ్మే, చుట్టం ‘చాలు’ అంటే నవ్వుతూ ఎందుకు పెడుతోందో తేల్చుకోవాలి. తేల్చుకోవడానికి ఒకటి రెండు భోజనాలు చాలవు, ఏళ్ళు పడుతుంది.

దీని వెనక ఉండాల్సిన శక్తి, ఎదుటివాళ్ళకు తెలిసింది తనకు తెలిసినదానికన్నా వేరుగా ఉండొచ్చని గ్రహించడం. 1983లో విమ్మర్, పెర్నర్ మొదలుపెట్టిన పరీక్షను మన వంటింట్లో ఇలా పెట్టొచ్చు. అక్క మామిడితాండ్ర ముక్క గూట్లో పెట్టి బడికెళ్ళింది. అమ్మ దాన్ని డబ్బాలోకి మార్చింది. అక్క వచ్చాక ముందు ఎక్కడ వెతుకుతుంది? మూడేళ్ళ పిల్లలు ఎక్కువగా ‘డబ్బాలో’ అంటారు, తమకు తెలిసింది అందరికీ తెలుసన్నట్టు. నాలుగు దాటి అయిదుకు వచ్చేసరికి చాలామంది ‘గూట్లో’ అంటారు. అయితే 2005లో ఒనిషి, బయార్జాన్ ప్రశ్నలు అడగకుండా చూపును మాత్రమే కొలిచి, 15 నెలల పిల్లలకే దీని ఛాయలున్నాయన్నారు. ఆ తర్వాత అలాంటి చూపు పరీక్షలు మళ్ళీ చేస్తే ఫలితం అన్నిసార్లూ అలాగే రాలేదు. ఈ వాదం ఇంకా నడుస్తోంది.

‘కొన్ని’ అనే మాట కూడా ఇలాంటిదే. ‘కొన్ని జిరాఫీలకు పొడవైన మెడలుంటాయి’ అంటే నిజమా? తర్కం ప్రకారం నిజమే. పెద్దవాళ్ళకు మాత్రం ఏదో తేడాగా అనిపిస్తుంది, ‘కొన్ని’ అన్నారంటే ‘అన్నీ కాదు’ అని ధ్వనిస్తుంది కాబట్టి. 2001లో ఇరా నోవెక్ ఫ్రెంచి పిల్లలను ఇలాంటి వాక్యాలతో అడిగితే 7–8 ఏళ్ళవాళ్ళలో పదికి దాదాపు తొమ్మిదిమంది నిజమేనన్నారు. పెద్దల్లో అలా ఒప్పుకున్నవాళ్ళు సగానికి తక్కువ. సందర్భం కల్పించి అడిగితే చిన్నవాళ్ళూ మెరుగ్గా పట్టారని తర్వాతి పరిశోధనలు చూపాయి.

తెలుగు పిల్లకు ఇంకో పరికరం ఉంది: ‘ట’. ‘నాన్న వచ్చాడు’ అంటే చూశాను. ‘వచ్చాడట’ అంటే ఎవరో చెప్పారు, పూచీ నాది కాదు. ఒక్క అక్షరంతో సమాచారం ఎక్కడిదో చెప్పే ఏర్పాటు. గోదావరి జిల్లాల్లో దీని పక్కనే ‘అండి’ కూర్చుంటుంది. ఎవరికి పెట్టాలో, ఎవరికి పెడితే నవ్వుతారో తెలియాలి. అమ్మ ‘ఏవండీ’ అంటోందని నాన్నను ‘ఏవండీ’ అని పిలిచిన పిల్లలు డెల్టాలో ఊరికి పదిమంది ఉంటారు. పిలుపు మనిషిది కాదు, ఇద్దరి మధ్య వరసది అని వాళ్ళకు తెలియడానికి ఆ నవ్వులే పాఠం.

పుట్టుకతోనా, పెంపకంతోనా

మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ 1957లో చెప్పింది: పిల్లలు అనుకరిస్తారు, సరిగ్గా అంటే మెప్పు దొరుకుతుంది, అది స్థిరపడుతుంది. భాషావేత్త నోమ్ చామ్‌స్కీ 1959లో దాన్ని చీల్చి చెండాడాడు. ‘పండులు’ లాంటివి అనుకరణ కాదు. పిల్లలు విననివి కూడా కడతారు. కాబట్టి వ్యాకరణపు చట్రం పుట్టుకతోనే ఉండాలన్నాడు. 1970ల చివర నికరాగ్వాలో బధిర పిల్లలను మొదటిసారి ఒక బడిలో చేర్చినప్పుడు, ఎవరూ నేర్పని కొత్త సంజ్ఞాభాష వాళ్ళ మధ్య పుట్టి, తర్వాత చేరిన చిన్నపిల్లల చేతుల్లో ఇంకా పదునెక్కింది. చామ్‌స్కీ వైపువాళ్ళకు ఇది బలమైన ఆధారం.

మైకేల్ టొమసెల్లో లాంటి మనస్తత్వవేత్తలు ఒప్పుకోరు. పుట్టుకతో వచ్చేది వ్యాకరణం కాదు, ఎదుటివాడి ఉద్దేశం పసిగట్టే నేర్పూ, విన్నవాటిలో పోలిక పట్టే నేర్పూ. ఆ రెంటితో మిగతాదంతా వాడుకలోంచి పోగవుతుందంటారు. చివరి మాట ఇంకా ఎవరికీ దక్కలేదు. బొండాం దగ్గర తాత చూపును వెతికిన పిల్లను తలుచుకుంటే, రెండో వాదం వైపు తక్కెడ కాస్త మొగ్గుతుంది. ‘బిప్పాలు’ అన్న పిల్లను తలుచుకుంటే మళ్ళీ సమానమవుతుంది.

ఫోన్‌లో మాటలు, గల్ఫ్ నుంచి మాటలు

ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో 9 నెలల అమెరికా పిల్లలకు చైనా భాష వినిపించింది, మొత్తం 12 విడతలు. కొందరి ముందు మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడింది. కొందరికి అదే మనిషి వీడియో. కొందరికి గొంతు ఒక్కటే. ఆ భాషలోని ధ్వనుల తేడా పట్టినవాళ్ళు మనిషి ముందు కూర్చున్నవాళ్ళే. వీడియో చూసినవాళ్ళు అసలేమీ విననివాళ్ళతో సమానం. 2 ఏళ్ళలోపు తెర వద్దని, 2–4 ఏళ్ళకు రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

మరి కువైట్ నుంచి రోజూ రాత్రి వీడియో కాల్‌లో కనబడే అమ్మ? కోనసీమలో ఇది చాలా ఇళ్ళ ప్రశ్న. 2014లో రోజ్‌బెర్రీ, హర్ష్-పాసెక్, గోలింకాఫ్ 24–30 నెలల పిల్లలకు కొత్త క్రియలు మూడు రకాలుగా నేర్పి చూశారు: ఎదురుగా, వీడియో కాల్‌లో, రికార్డు చేసిన వీడియోలో. మొదటి రెంటిలో నేర్చుకున్నారు, మూడోదాంట్లో లేదు. అడ్డొచ్చేది తెర కాదన్నమాట. పిల్ల ‘కాకి’ అంటే అవతలి మనిషి ‘ఎక్కడ? ఏదీ, చూపించు’ అనాలి. పాటల వీడియో ఆ పని చేయదు, పిల్ల ఏమన్నా తన పాట తను పాడుకుపోతుంది.

ఎంత మాట్లాడాలి అన్నదానిమీద ఒక లెక్క బాగా తిరుగుతుంటుంది: పేద ఇళ్ళ పిల్లలు నాలుగేళ్ళకు 3 కోట్ల మాటలు తక్కువ వింటారని. ఇది హార్ట్, రిస్లీ 1995లో అమెరికాలోని 42 కుటుంబాలను చూసి లెక్కగట్టినది. 2018లో స్పెర్రీ బృందం, చుట్టూ ఉన్నవాళ్ళు మాట్లాడుకునేవి కూడా కలిపితే ఆ తేడా అలా నిలవదంది. అరుగు మీద మామ్మ, పెరట్లో పిన్ని, పక్కింటివాళ్ళు ఉండే మన ఇళ్ళకు ఈ రెండో మాట ఎక్కువ వర్తిస్తుంది. పక్కన వినబడేదీ, తనతో మాట్లాడేదీ ఒకటేనా అంటే, కాదని వాదించేవాళ్ళూ ఉన్నారు.

ఇంటి తెలుగు, బడి తెలుగు, ఇంగ్లీషు

‘డాగ్‌కి బిస్కెట్ పెట్టా’ అన్న పిల్ల గందరగోళపడలేదు. పేర్లు ఇంగ్లీషువి. ‘కి’, ‘పెట్టా’ తెలుగువి. చట్రం చెక్కుచెదరలేదు. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలు ఇలా కలపడం మామూలే, దానివల్ల మాటలు ఆలస్యమవుతాయనడానికి ఆధారం లేదు. చిక్కు ఇంకోచోట ఉంది. తల్లికి ఇంగ్లీషులో తెలిసింది పేర్లే అయితే సంభాషణ ‘వాట్ ఈజ్ దిస్? డాగ్!’ దగ్గర ఆగిపోతుంది. కుక్క ఎందుకు మొరిగింది, తోక ఎందుకు ఊపింది, దానికి నువ్వంటే ఇష్టమా అన్న మాటలు రావు.

బడి మాధ్యమం సంగతి మరీ చిక్కు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమానికి ఉత్తర్వులిచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యావిధానం వీలైనచోట కనీసం 5వ తరగతి దాకా మాతృభాషలో చెప్పమంది. డబ్బున్నవాళ్ళ పిల్లలకు దొరికే ఇంగ్లీషు తమ పిల్లలకెందుకు వద్దన్న కూలి తల్లిదండ్రుల ప్రశ్న న్యాయమైనదే. అర్థంకాని భాషలో గుణకారం చెబితే గుణకారమూ రాదు, భాషా రాదన్న ఉపాధ్యాయుల మాటా నిజమే. జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడి లెక్క ఇక్కడ అక్కరకొస్తుంది: కొత్త భాషలో కబుర్లాడటం సుమారు రెండేళ్ళలో వస్తుంది, పాఠం అర్థం చేసుకుని రాసే స్థాయికి అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుంది. ఆయన చూసింది చుట్టూ ఇంగ్లీషే వినబడే కెనడాలో. రాజోలులో బడి గేటు దాటితే వినబడేది తెలుగే.

తెలుగు మాధ్యమమైతే అన్నీ సుళువని కూడా కాదు. ‘సెప్పాడు, ఎల్లాడు’ అనే ఇంటి నుంచి వచ్చిన పిల్లకు పుస్తకంలోని తెలుగు కూడా సగం కొత్త భాషే. వందేళ్ళ కిందట గిడుగు రామమూర్తి పోరాడింది బడి పుస్తకం పిల్లల నోటికి దగ్గరగా రావాలనే. చాలా దగ్గరైంది, ఇంటిదాకా ఇంకా రాలేదు.

ఆలస్యం అంటే ఎంత ఆలస్యం?

ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లల మధ్య ఆరు నెలల తేడా ఉండొచ్చు. ‘ర’ను ‘ల’ అనడం నాలుగైదేళ్ళ దాకా మామూలే. అయితే 9–10 నెలలకు ‘బాబాబా’, ‘దాదాదా’ లాంటివి లేకపోవడం, ఏడాది దాటినా వేలు చూపకపోవడం, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, రెండేళ్ళు నిండినా ‘అమ్మ దా’ లాంటి రెండు మాటల జట్టు రాకపోవడం, వచ్చిన మాటలు పోవడం, ఇవి ‘మగపిల్లలకు ఆలస్యంలే’, ‘వాళ్ళ నాన్నకూ ఆలస్యమే’ అని వదిలేసేవి కావు. ముందు చూపించాల్సింది నోరు కాదు, చెవి.

వెనకనుంచి పళ్ళెం మోగిస్తే తిరిగాడు కాబట్టి వినబడుతోందని ఇళ్ళలో తేల్చేస్తారు. మోత వేరు, మాట వేరు. పెద్ద చప్పుళ్ళు, లోగొంతు శబ్దాలు అంది, స, త, క లాంటి సన్నని హల్లులు మాత్రం అందని చెవులుంటాయి. అలాంటి పిల్లకు తలుపు చప్పుడు తెలుస్తుంది, ‘పాత’కూ ‘పాట’కూ తేడా తెలియదు. జలుబు చేసినప్పుడల్లా చెవి లోపల నీరు చేరి, వారాలపాటు అన్నీ గోడ అవతలి మాటల్లా వినబడే పిల్లలూ ఉంటారు. పరీక్ష పెద్దదేమీ కాదు. పిల్ల నిద్రపోతుండగా చెవిలో చిన్న గొట్టం పెట్టి శబ్దం పంపి, లోపలి చెవి నుంచి తిరిగొచ్చే సన్నని ప్రతిధ్వనిని యంత్రం కొలుస్తుంది. కొద్ది నిమిషాల పని. అందులో తేడా కనబడితే, వినికిడి నరం మెదడు దాకా శబ్దాన్ని చేరవేస్తోందో లేదో చూసే రెండో పరీక్షకు పంపుతారు. జాతీయ బాలల ఆరోగ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు వచ్చే వైద్య బృందం పిల్లల్లో ఎదుగుదల లోపాలతోపాటు వినికిడి లోపాన్నీ చూస్తుంది. ఆ రోజు పిల్లను జలుబని ఇంట్లో ఉంచేయకుండా తీసుకెళ్ళాలి, జలుబు సంగతి కూడా వాళ్ళకు చెప్పాలి.